తట్టు టీకా: లెక్కకు అందని బిడ్డలు

తెలుగునాట బిడ్డలను పెంచిన తల్లికి తట్టు అను పేరు కొత్తది కాదు. కొన్ని తావులలో దీనిని పొంగు అందురు. కొన్ని తావులలో చిన్నమ్మవారు అందురు. మొదట జ్వరము, జలుబు, దగ్గు, కన్నులు ఎర్రబారుట. మూడు నాలుగు దినముల పిమ్మట చెవుల వెనుక మొదలై, మొగము మీదుగా ఒడలెల్ల దిగివచ్చు ఎర్రని దద్దురు. ఇదియే దాని రూపము. ఇది పిల్లలందరికి ఒకమారు వచ్చి పోవునదే యని మన పెద్దలు అనుకొనెడివారు. టీకా లేని కాలమున ఆ మాట చాలవరకు నిజము. ఆనాడు దీనిని తప్పించుకొన్న బిడ్డ అరుదు. కాని వచ్చిన బిడ్డలందరును బ్రతికి బట్టకట్టలేదను సంగతి ఆ మాట చాటున మరుగుపడిపోయినది.

ఇప్పటికిని ఈ రోగము చిన్నది కాదు. 2023వ సంవత్సరమున ప్రపంచములో కోటి మందికి పైగా తట్టు సోకినదనియు, వారిలో సుమారు 1,07,500 మంది మరణించిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. మరణించినవారిలో అధికులు ఐదేండ్ల లోపు పిల్లలు. 2000 నుండి 2023 వరకు టీకా వలన దక్కిన ప్రాణములు 6 కోట్లని కూడ ఆ సంస్థయే తెలిపినది. రోగము ఎంత పెద్దదో, దానికి విరుగుడు ఎంత గట్టిదో ఈ రెండు లెక్కలును చెప్పుచున్నవి. అటువంటి విరుగుడు చేతిలో ఉండగా బిడ్డ ఎట్లు తప్పిపోవును అనునదే మేము ఈ ప్రసంగమున విచారింపదలచిన విషయము. ఇందుకు దూరదేశములకు పోనక్కరలేదు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములను తీసికొందము.

హైదరాబాదు నగరమునకు పడమట, మర్రిచెట్లకు పేరుపడిన బీజాపూరు బాటను పట్టి పోయినచో మొదట మొయినాబాదు, దాని పిమ్మట చేవెళ్ల వచ్చును. రెండును రంగారెడ్డి జిల్లాలోనివి. ఒకవైపు గండిపేట చెరువు, వేరొకవైపు హిమాయత్ సాగరము. నడుమ చిలుకూరు బాలాజీ దర్శనమునకు పోవు భక్తుల రాకపోకలు. ఇచటి రైతులు కూరగాయలును పూలును పండించి నగరమునకు పంపుచుందురు. ఇటీవలి దశాబ్దములలో నగరమే ఈ పల్లెల గడప తొక్కినది. ఫామ్‌హౌసులు, కోళ్లఫారములు, ఇటుక బట్టీలు, కట్టడపు పనులు వచ్చినవి. వానితోబాటు పాలమూరు పల్లెల నుండియు, ఒడిశా, బీహారు రాష్ట్రముల నుండియు పనివారు వచ్చిరి. పనివారి వెంట వారి పిల్లలును వచ్చిరి.

ఈ ప్రాంతమున వైద్యమునకు కరవు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, వాని క్రింద ఉపకేంద్రములు ఉన్నవి. మొయినాబాదు మండలములోని ఎన్కేపల్లిలో ఒక వైద్య కళాశాల, చేవెళ్లలో ఒక వైద్య కళాశాల ఉన్నవి. లోకమునకెల్ల టీకాలు తయారుచేసి పంపు హైదరాబాదు నగరము గంట ప్రయాణపు దూరమున ఉన్నది. టీకాకు వెల లేదు. ప్రభుత్వము ఉచితముగనే వేయుచున్నది. కనుక ఇచట టీకా దొరకకపోవుట అనునది కారణము కాజాలదు. బిడ్డ తప్పిపోయినచో, అది పట్టికలో పేరు లేకపోవుట వలననో, ఆనాటికి ఊరిలో ఉండకపోవుట వలననో, పెద్దల మనసులోని భయము వలననో జరుగును. ఆ మూడింటిని గూర్చి చెప్పుటకు ముందు రోగ స్వభావమును కొంత తెలిసికొనవలెను.

తట్టును కలిగించునది ఒక వైరస్. అది మనుష్యులలోనే జీవించును. పశుపక్ష్యాదులలో దాగి ఉండునది కాదు. రోగి దగ్గినపుడును తుమ్మినపుడును గాలిలో చేరిన వైరస్, ఆ రోగి గది విడిచిపోయిన పిదప కూడ రెండు గంటల వరకు అచట నిలిచి ఉండగలదు. రక్షణ లేనివారు పదిమంది రోగి చెంత మసలినచో వారిలో తొమ్మండుగురికి సోకును. ఎవరికిని రక్షణ లేని జనములో ఒక్క రోగి వలన 12 మొదలు 18 మందికి అంటునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఇంత వడిగా వ్యాపించు రోగములు అరుదు. పైగా, దద్దురు కనబడుటకు నాలుగు దినముల ముందునుండియే ఇది ఇతరులకు అంటుచుండును; కనబడిన పిమ్మట మరి నాలుగు దినములు అంటును. అనగా తల్లి చూచి, 'అయ్యో, ఇది తట్టు' అని గుర్తించు సరికే ఆ బిడ్డ అంగన్‌వాడీలో ఆడుకొని, బస్సులో తిరిగి, పెండ్లి పందిరిలో నలుగురి ఒడిలో కూర్చుండి వచ్చి ఉండవచ్చును. కాబట్టి రోగిని చూచిన తరువాత జాగ్రత్త పడుదుమనుకొనుట ఈ రోగము విషయమున చెల్లదు.

ఈ సంగతులను మొదట చక్కగా పరిశీలించి వ్రాసినవాడు పీటర్ పానుమ్ అను డెన్మార్కు దేశపు యువవైద్యుడు. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రమునందలి ఫారో దీవులలో తట్టు చెలరేగినది. 1781 తరువాత అచట ఆ రోగము కనబడి యుండలేదు. సుమారు 7,800 మంది నివసించు ఆ దీవులలో కొద్ది మాసములలోనే దాదాపు 6,000 మంది మంచము పట్టిరి. కాని 1781లో తట్టు వచ్చి కోలుకొన్న వృద్ధులు, అరువదియైదేండ్లు గడచినను, ఈ మారు దాని వాత పడలేదు. ఇందు రెండు సత్యములు ఉన్నవి. ఒకమారు శరీరమునకు కలిగిన రక్షణ జీవితాంతము నిలుచుననునది మొదటిది. రెండవది మనము మరింతగా మనసున ఉంచుకొనదగినది. రోగము కనబడని ఆ దీర్ఘకాలమంతయు క్షేమకాలము కాదు. రక్షణ లేనివారు ఏటేట పోగుపడుచున్న కాలము. 'మా ఊరికి తట్టు వచ్చి పదేండ్లయినది, ఇక భయమేమి?' అను ప్రశ్నకు ఫారో దీవులే సమాధానము.

అమెరికాలోని బోస్టన్ నగరమున 1954లో జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ అను శాస్త్రజ్ఞులు తట్టు వచ్చిన ఒక బాలుని రక్తము నుండి ఈ వైరస్‌ను వేరుచేసిరి. దానిని మచ్చిక చేసి, రోగము కలిగింపక రక్షణ మాత్రమే కలిగించునట్లు బలహీనపరచి టీకాగా మార్చిరి. 1963లో ఆ టీకాకు అమెరికాలో అనుమతి లభించినది. మన దేశమున 1985లో ప్రారంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమము ద్వారా ఇది పల్లెలకు చేరినది. 2010 నుండి రెండవ మోతాదు మొదలైనది. 2017 ఆగస్టులో తెలంగాణ రాష్ట్రమున 9 నెలలు నిండినది మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలకు బడులలోను అంగన్‌వాడీలలోను తట్టు–రుబెల్లా టీకాను ఉద్యమముగా వేసిరి. రుబెల్లా గర్భిణికి సోకినచో పుట్టు శిశువునకు కంటి చూపు, వినికిడి, గుండె చెడును. అందుచే రెండింటికిని ఒకే సూది ఏర్పాటైనది. నేటి పద్ధతి ప్రకారము మొదటి మోతాదు 9 నెలలు నిండిన పిమ్మట ఏడాది లోపలను, రెండవది 16 మొదలు 24 నెలల నడుమను కుడి భుజమునకు వేయుదురు.

తొమ్మిది నెలల వరకు ఎందుకు ఆగవలెను? రెండుమార్లు ఎందుకు? ఈ ప్రశ్నలు తల్లులు తరచు అడుగునవే. తల్లి రక్తము నుండి గర్భస్థ శిశువునకు కొంత రక్షణ సంక్రమించును. అది పుట్టిన తరువాత కొన్ని మాసములు నిలుచును. ఆ రక్షణ ఉన్నంతకాలము టీకాను పని చేయనీయదు. అది పూర్తిగా అరిగిపోవు వరకు ఆగినచో నడుమ రోగమే సోకవచ్చును. రోగభయము ఇంకను తొలగని మన దేశమున ఈ రెండింటిని తూచి తొమ్మిది నెలలను నిర్ణయించిరి. కాని ఆ వయసున టీకా పొందిన నూరుగురిలో సుమారు 85 మందికే రక్షణ కుదురును. తక్కిన పదిహేనుగురికి సూది పడినను ఫలితము దక్కదు. ఎవరికి దక్కినదో, ఎవరికి దక్కలేదో పైకి తెలియదు.

ఇపుడొక ఊహాలెక్క వేసి చూతము. ఒక ఊరిలో ఏడాదికి నూరుగురు పిల్లలు పుట్టుదురనుకొనుడు. వారిలో 90 మందికి మొదటి మోతాదు పడినది. నూటికి తొంబది! ఏ పట్టికలోనైనను ఈ అంకె చూచుటకు ముచ్చటగ ఉండును. కాని ఆ 90 మందిలో రక్షణ కుదిరినవారు సుమారు 76 మంది. సూది పడియు ఫలింపనివారు 14 మంది. అసలు సూది పడనివారు 10 మంది. వెరసి 24 మంది నిరాయుధులు. మరుసటి ఏడు మరి 24 మంది. ఆ పై ఏడు మరి 24 మంది. నాలుగేండ్లు తిరుగు సరికి 96 మంది, అనగా ఒక యేటి జననములకు దాదాపు సమానము. అంతమంది పోగుపడినపుడు పెద్ద ఎత్తున రోగము చెలరేగు సమయము దగ్గరపడినదని ఆరోగ్యశాఖలవారు గ్రహింతురు.

ఆ 90 మందియు మరల వచ్చి రెండవ మోతాదు వేయించుకొన్నచో, మొదట ఫలింపని 14 మందిలో 13 మందికి రక్షణ కుదురును. నిరాయుధులు 24 నుండి 11కు దిగుదురు. కాబట్టి రెండవ సూది మొదటిదానికి మెరుగు పెట్టుటకు కాదు. మొదటిది తప్పిన బిడ్డను పట్టుకొనుటకు. మీ బిడ్డకు మొదటిది ఫలించినదో లేదో మీకు తెలియదు కనుక, రెండవది మాకు అక్కరలేదని చెప్పగలవారు ఎవరును లేరు. ఇక మిగిలిన ఆ 11 మందిలో 10 మంది ఎన్నడును సూది చూడనివారే. వారిని కూడ వెదకి తెచ్చి రెండు మోతాదులును వేసినచో నూటికి ఒకరిద్దరు మాత్రమే మిగులుదురు. ఆ ఒకరిద్దరిని చుట్టునున్న తక్కినవారందరు కోటగోడ వలె కాపాడుదురు. నూటికి 95 మందికి రెండు మోతాదులు పడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నొక్కి చెప్పుటలోని అర్థమిదియే.

మన లెక్కలు ఎట్లున్నవి? 2024–25లో దేశమంతటను మొదటి మోతాదు నూటికి 93.7 మందికిని, రెండవది 92.2 మందికిని అందినట్లు కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. తెలంగాణకు వచ్చినచో, 2019లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 12 మొదలు 23 నెలల వయసు పిల్లలలో ఆ వయసునకు పడవలసిన ముఖ్యమైన టీకాలన్నియు పొందినవారు నూటికి సుమారు 79 మంది అని తేలినది. శ్రీలంక 2019లోనే తట్టును నిర్మూలించినట్లు గుర్తింపు పొందినది. మన ప్రభుత్వము 2025 ఏప్రిల్ 24న ఒక ఉద్యమమును ప్రారంభించి, 2026 నాటికి తట్టును రుబెల్లాను రూపుమాపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. 95కు మనము దగ్గరగ వచ్చితిమి. కాని ఈ రోగము సగటు లెక్కను చూచి వెనుదిరుగునది కాదు.

మన రైతులకు తెలిసిన పోలిక ఒకటి చెప్పెదము. ఊరిలో అయిదు గడ్డివాములున్నవి. అవి అయిదు మూలల విడివిడిగ ఉన్నచో, ఒకదానికి నిప్పంటినను ఒకటే కాలును. అయిదును ఒకే కళ్లములో ఆనుకొని ఉన్నచో ఒక్క నిప్పురవ్వ చాలును. రెండు సందర్భములలోను వాముల లెక్క అయిదే. టీకా లేని పిల్లలును అట్లే. నూటికి అయిదుగురు మండలమంతటను చెదరి ఉండుట వేరు. ఆ అయిదుగురును ఒకే ఇటుక బట్టీ వద్ద, ప్రక్క ప్రక్క గుడిసెలలో ఉండుట వేరు.

ఇది కేవలము ఊహ కాదు. 2025లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున తట్టు చెలరేగి, ఆగస్టులో అణగు సరికి 762 మందికి సోకినది. టీకా పొందని ఇద్దరు పిల్లలు మరణించిరి. ఆ రాష్ట్రమంతటి సగటు చూచినచో, బడిలో చేరు పిల్లలలో నూటికి 94 మందికి టీకా పడి ఉన్నది. కాని రోగము రగిలిన గెయిన్స్ అను ఒక్క కౌంటీలో అది 82 మాత్రమే. మొత్తము రోగులలో సగమునకు పైగా ఆ కౌంటీవారే. ధనమునకును వైద్యమునకును కొదువలేని దేశమున సయితము సగటు అంకె ఆ పిల్లలను కాపాడలేకపోయినది.

అట్టి తావులు చేవెళ్ల, మొయినాబాదు వంటి చోట ఎచట ఏర్పడుటకు వీలున్నదో చూతము. మొదటిది, వలస వచ్చిన కూలీల గుడిసెలు. బిడ్డ ఒడిశాలోనో పాలమూరులోనో పుట్టినది. అచటి ఆశా కార్యకర్త పట్టికలో పేరున్నది. కాని తొమ్మిదవ నెల వచ్చు సరికి బిడ్డ అచట లేదు. ఇచట బిడ్డ ఉన్నది. కాని పట్టికలో పేరు లేదు. అచటివారు 'ఊరు విడిచిపోయిరి' అని వ్రాసికొందురు; ఇచటివారు 'మా ఊరివారు కారు' అనుకొందురు. రెండు పట్టికలును సక్రమముగనే ఉన్నవి. బిడ్డకు మాత్రము సూది పడలేదు. పైగా ఆ కుటుంబము నాలుగు మాసములకొకమారు పని వెంట కదలుచుండును. తోట కావలికి కుదిరిన దంపతులు ప్రహరీగోడ లోపలనే ఉండుటచే వారి బిడ్డ ఎవరి కంటను పడదు.

రెండవది, మన ఆచారము వలన ఏర్పడునది. ఆడపిల్ల తొలికాన్పునకు పుట్టింటికి పోవుట మన ఇండ్ల రివాజు. బిడ్డకు తొలి మాసముల టీకాలన్నియు అమ్మమ్మగారి ఊరిలో పడును. అయిదవ నెలలోనో ఆరవ నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి వత్తురు. తట్టు టీకా మొదటి మోతాదు సరిగా ఆ తరువాతనే పడవలసి ఉన్నది. అమ్మమ్మగారి ఊరి పట్టికకును, నాయనమ్మగారి ఊరి పట్టికకును నడుమ బిడ్డ జారిపోవును. ఇది పేదల ఇండ్లలోనే కాదు, రేడియో వినుచు ఈ పుటలు చదువు ఇండ్లలోను జరుగునదే. మూడవది, మొదటి మోతాదునకు వచ్చి రెండవదానికి రానివారు. ఏడాదిన్నర నాటికి బిడ్డ నడచుచు ఆడుకొనుచుండును. తల్లి మరల పొలము పనికి పోవుచుండును. సూది మాట మరపున పడును.

ఇందుకు మార్గము లేకపోలేదు. టీకాకు ఊరు, ఇలాకా అను పట్టింపు లేదు. ఏ బిడ్డకైనను ఏ ప్రభుత్వ కేంద్రములోనైనను వేయవలసినదే. తల్లీబిడ్డల రక్షణ కార్డు చేతిలో ఉన్నచో మంచిది; లేకున్నను త్రిప్పి పంపరాదు. యూ-విన్ అను ప్రభుత్వపు కంప్యూటరు పద్ధతిలో పేరు చేరినచో, ఏ రాష్ట్రమున వేసిన టీకా అయినను వేరొక రాష్ట్రమువారికి కనబడును. గడువు దాటినదని నిరాశ పడనక్కరలేదు. అయిదేండ్లు నిండు వరకు ఈ టీకాను ప్రభుత్వము వేయును. చిన్న జలుబు, కొద్దిపాటి జ్వరము, విరేచనములు టీకాకు అడ్డు కావు. బక్కచిక్కిన బిడ్డకు ఆగుదమనుటయు పొరపాటే. అట్టి బిడ్డకే ఈ రక్షణ మరింత అవసరము. గర్భిణులకు మాత్రము ఈ టీకా వేయరాదు; రోగనిరోధక శక్తి తీవ్రముగ లోపించిన పిల్లల విషయము వైద్యుడే నిర్ణయింపవలెను.

టీకా సీసాను గూర్చి ఒక మాట. ఇది పొడి రూపమున ఉండును. రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనములో ఉంచి, వేయు సమయమున దానికై పంపిన ద్రవముతోనే కలుపవలెను. ఒక సీసా పలువురు పిల్లలకు సరిపోవును. కాని కలిపిన నాలుగు గంటలలో వాడవలెను, మిగిలినది పారవేయవలెను. అందుచే ఒక్క బిడ్డే వచ్చినపుడు, సీసా విప్పినచో వృథా అగునని, 'వచ్చే బుధవారము రమ్ము' అనుట అచటచట జరుగుచుండును. ఆ వచ్చే బుధవారము కూలి దినమైనచో తల్లి రాదు. ఒక్క బిడ్డ కొరకైనను సీసా విప్పవలెనని ప్రభుత్వ నియమమే ఉన్నది. పారబోసిన మందు వెల కంటె తప్పిపోయిన బిడ్డ వెల మిక్కిలి ఎక్కువ.

ఇక భయము మాట. టీకా వేసిన వారము పది దినములకు కొందరు పిల్లలకు కొద్ది జ్వరమును, పలుచని దద్దురును వచ్చి వానంతట అవియే తగ్గును. తీవ్రమైన వికటము అత్యంత అరుదు. దానిని గమనించుటకే అరగంట అచట కూర్చుండుమందురు. ఈ టీకా వలన పిల్లల మనోవికాసము చెడునని 1998లో ఒక బ్రిటిషు వైద్య పత్రికలో వ్యాసము వచ్చినది. అది నిలువనిదని తేలి 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించుకొన్నది. డెన్మార్కులో 6,50,000 మందికి పైగా పిల్లలను పరిశీలించి, అట్టి సంబంధము లేదని 2019లో ప్రకటించిరి. అయినను ఆ వదంతి ఫోనుల వెంట ఇంకను తిరుగుచున్నది.

నమ్మకము చెడినచో ఏమగునో సమోవా దీవుల కథ చెప్పును. అచట 2018లో నర్సులు టీకా పొడిలో సరియైన ద్రవమునకు బదులు వేరొక మందును కలుపుటచే ఇద్దరు శిశువులు మరణించిరి. తప్పు టీకాది కాదు, కలిపిన చేతులది. కాని తల్లులు భయపడిరి; టీకా పని కొన్ని మాసములు నిలిచిపోయినది. ఆ ఏడు మొదటి మోతాదు పొందిన బిడ్డలు నూటికి 31 మంది మాత్రమే. మరుసటి సంవత్సరమున తట్టు వచ్చినది. రెండు లక్షల జనమున్న ఆ చిన్న దేశములో 5,700 మందికి పైగా సోకి, 83 మంది మరణించిరి. వారిలో అధికులు పసిపిల్లలే. చివరకు డిసెంబరులో ప్రభుత్వము రెండు దినములు పనులన్నియు ఆపి, టీకా పడని వారి ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టుమని ఆజ్ఞాపించి, ఇల్లిల్లు తిరిగి టీకాలు వేసినది. ఈ కథలో ఆరోగ్య సిబ్బందికి ఒక పాఠము, తల్లిదండ్రులకు ఒక పాఠము ఉన్నవి. సిబ్బంది పొరపాటునకు తావీయరాదు. ఒకచోట జరిగిన పొరపాటునకు తల్లిదండ్రులు తమ బిడ్డల రక్షణను బలి పెట్టరాదు.

అన్ని జాగ్రత్తలును దాటి ఇంటిలో తట్టు కనబడినచో ఏమి చేయవలెను? అమ్మవారు పోసినదని వేపమండలు కట్టుట, బిడ్డను వేరుగ పడుకొనబెట్టుట మన ఇండ్లలో ఉన్న పద్ధతులే. బిడ్డను వేరుగ ఉంచుట మంచి పని. కాని పథ్యము పేరిట కడుపు మాడ్చుట, నీరు తగ్గించుట, ఆసుపత్రికి పోరాదనుట ప్రాణాంతకములు. తల్లిపాలు ఆపరాదు, మెత్తని ఆహారము, కాచి చల్లార్చిన నీరు విరివిగ ఇయ్యవలెను. తట్టు చంపునది తరచు తాను స్వయముగ కాక, తన వెంట తెచ్చు న్యుమోనియా, విరేచనముల చేతనే. కన్నులు పాడై చూపు పోవుటయు కలదు. వేయిమందిలో ఒకరికి మెదడు వాచును. తట్టు వైరస్ శరీరమునకు పూర్వము కలిగిన ఇతర రోగరక్షణల జ్ఞాపకమును కూడ తుడిచివేయునని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. అందుచేతనే తట్టు తగ్గిన బిడ్డ కొన్ని మాసములు మాటిమాటికి జబ్బుపడుట. తట్టు వచ్చిన ప్రతి బిడ్డకును వరుసగ రెండు దినములు విటమిన్ ఏ ఇయ్యవలెను: ఆరు నెలల లోపు 50,000 యూనిట్లు, ఆరు మొదలు పదునొకండు నెలల వరకు 1,00,000, ఏడాది దాటినచో 2,00,000. ఇది ఆరోగ్య కేంద్రములో వారి చేతుల మీదుగ జరుగవలసినది. ఎగశ్వాస, మగత, మూర్ఛ, పాలు త్రాగలేకపోవుట కనబడినచో క్షణము ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఒక్క బిడ్డకు జ్వరముతో దద్దురు కనబడినను ఆశా కార్యకర్తకు తెలుపవలెను. దాచుట వలన ప్రక్క ఇంటి బిడ్డ నష్టపోవును. రోగి చెంత మసలిన బిడ్డకు 72 గంటల లోపల టీకా పడినచో రోగము తప్పవచ్చును. 2022 చివర ముంబయిలో, ముఖ్యముగ గోవండి వంటి ఇరుకైన వాడలలో తట్టు చెలరేగి పసిపిల్లలు మరణించినపుడు, రోగము వ్యాపించిన తావులలో 9 నెలలు మొదలు 5 ఏండ్ల పిల్లలందరికి ఒక అదనపు మోతాదు వేయుమని కేంద్ర ప్రభుత్వము సూచించినది. అది ఇల్లు అంటుకొన్న తరువాతి పని. దానికి ముందే చేయదగిన పని మన చేతిలో ఉన్నది.

ఆ పని పెద్దది కాదు. నేటి సాయంకాలము పెట్టెలోని కార్డు తీసి, మీ ఇంటి బిడ్డలకు తట్టు–రుబెల్లా గడులు రెండును నిండినవో లేదో చూచుకొనుడు. పుట్టింటి నుండి వచ్చిన కోడలి బిడ్డ పేరు మీ ఊరి పట్టికలో చేర్పించుడు. మీ తోటలో కావలి యున్నవారి బిడ్డకును, మీ ఇంటి కట్టడమునకు రాళ్లెత్తు తల్లి చంకలోని బిడ్డకును ఎన్ని నెలలో అడుగుడు. బుధవారమో శనివారమో టీకా దినమున ఆ తల్లికి పూటకూలి తగ్గింపక సెలవిచ్చి పంపుడు. బట్టీ యజమానులు, తోటల యజమానులు తమ తావున ఉన్న చిన్నపిల్లల పేర్లు వ్రాసి ఏ.ఎన్.ఎం.కు అందించినచో, ఏ సర్వేయు చేయలేని మేలు జరుగును.

మండలపు లెక్కలో నూటికి తొంబదియైదు అను అంకె ఆరోగ్యశాఖ సాధింపవలసినది. ఆ తక్కిన అయిదుగురు ఎవరో, ఏ గుడిసెలో ఉన్నారో ఎరిగినవారు మాత్రము ఆ ఊరివారే. రోగము వారిని వెదకి కనుగొనక ముందే మనము కనుగొనవలెనని మేము కోరుచున్నాము.